మావగారు ముట్టుకోని ఉప్పునీటి తొట్టి

మా మావగారు మొన్న బుధవారం పోయారు. మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద వాలారు, మళ్ళీ లేవలేదు. కబురు తెలిసి, పోర్టు వర్క్‌షాపులో ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు మల్కాపురంలో మా ఇంటికి వచ్చారు.

అందరూ పంపుల సంగతులే చెప్పుకున్నారు. పైన చెయ్యి ఆనించి లోపల బేరింగు పోయిందో లేదో చెప్పేసేవారట. "మిసన్ని తిట్టకండ్రా, దాని బాద అది సెప్తంది" అనేవారట. ఇంట్లో ఆ మాత్రం మాటలు కూడా ఉండేవి కావు. కూర నచ్చితే బాగుందనరు, ఇంకో గరిటె వేయించుకుంటారు.

ఆయన రిటైరైనప్పుడు ఇంకా స్టీలు ప్లాంటు కడుతున్నారు. ఏ పనీ తోచక, యారాడ రాళ్ళగుంటల్లో దొరికిన చారల చేపలు రెండు తెచ్చారు. సైకిలు మీద క్యాన్లతో సముద్రపు నీళ్ళు మోసి ముందుగదిలో గాజుతొట్టి పెట్టారు. మేత వెయ్యడం నా వంతు. వేసవికి నీళ్ళు మురిగి ఒక చేప చచ్చిపోయింది. ఆయన రెండు రోజులు సరిగ్గా తినలేదు.

రెండోదాన్నైనా దక్కించుకోవాలని పోర్టులో కనపడినవాళ్ళందరినీ అడిగారు. ఒక విదేశీ ఓడ ఇంజినీరు తన చేపలతొట్టికి వాడి వదిలేసిన ప్రొటీన్ స్కిమ్మర్ ఇచ్చాడు. మోచేతి పొడవు ప్లాస్టిక్ గొట్టం. అడుగు నుంచి గాలి బుడగలు లేస్తే, నీళ్ళలోని మురికి నురగై పైనున్న గిన్నెలో చేరాలి.

మావగారు దాని ఉప్పు పెచ్చులు నిమ్మకాయతో రుద్ది వదిలించారు. పగుళ్ళకు అతుకు వేసి, గాలి పంపు తగిలించారు. బుడగలైతే వచ్చాయి గానీ నురగ నిలవలేదు. వారం రోజులు గొట్టాన్ని పైకీ కిందకీ జరుపుతూ కూర్చున్నారు. చేప నీళ్ళపైకి వచ్చి నోరు తెరుస్తోంది.

మళ్ళీ ఓడకి వెళ్ళి అడిగితే, నీళ్ళలో నూనె తగిలితే నురగ రాదని చెప్పాడట ఇంజినీరు. ఇంటికొచ్చి తన చేతులు చూసుకున్నారు.

"నానేనమ్మా పాడుసేత్తన్నాను. ఇన్నేళ్ళ గ్రీజు ఈ సేతుల్నొదల్దు. ఇకన తొట్టి నువ్వే సూసుకో."

ఆ వారమే మా అమ్మాయి సెలవులకని మా పుట్టింటికి వెళ్ళింది. నాలుగో రోజుకి గిన్నెలోకి టీ రంగు నురగ ఎక్కింది. "సూసావా, నా సేతులే!" అని ఎంత సంబరపడ్డారో.

అమ్మాయి తిరిగొచ్చిన మర్నాడు దాని తలకు కొబ్బరినూనె రాసి, జడ వేసి, ఎప్పటిలాగే ఆ చేత్తోనే మేత వేస్తూ నీళ్ళలో వేళ్ళు ముంచాను. మధ్యాహ్నానికి నురగ మాయం. మావగారు ఆ రోజు తొట్టి ఛాయలకే వెళ్ళలేదు. నా చేతులు చూసుకున్నాను. మొదటి నుంచీ పాడుచేసింది నేనే.

"ఏటమ్మా, నాను ముట్టుకోలేదే?" అని బెరుగ్గా అడిగారాయన.

"పంపు ఆగింది మావయ్యా" అన్నాను.

తర్వాత చేతులు శుభ్రంగా కడుక్కోకుండా తొట్టి జోలికి పోలేదు. నురగ మళ్ళీ వచ్చింది. చేప బతికింది. నిజం మాత్రం నా నోటెంట రాలేదు. రేపు చెబుదామనుకుంటూనే ఏళ్ళు గడిపేశాను.

మొన్న ఒక పాత ఫిట్టరు, "మా మేస్త్రి సెయ్యి తగిల్తే మిసను బాగయ్యేది, నురగ సచ్చేది. ఆయనే సెప్పి నవ్వేవోరు" అన్నాడు. అంతమంది దుఃఖంలోనూ నవ్వారు. నేనూ నవ్వాను. అందుకు సిగ్గుపడి ఇది రాస్తున్నాను.

ఆ చేప ఇంకో మూడేళ్ళు ఉంది. రోజూ నేను గిన్నె కడుగుతుంటే ఆయన తొట్టికి ఒక అడుగు దూరంలో నిలబడేవారు. కుడిచేతిని వెనక ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, చేప ఎటు తిరిగితే అటు తల తిప్పుతూ.