క్లెగ్ గారి టపా నియమం

హంఫ్రీ క్లెగ్ గారు ఉత్తరం ఇస్తారు గానీ జవాబు ఇవ్వరు. జవాబు కావాలంటే, విక్టోరియా రాణి కాలంలో అది రావడానికి ఎన్నాళ్లు పట్టిందో అన్నాళ్లూ ఆగాల్సిందే.

ఆ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో లార్డ్ ఆల్డర్బీ ఉత్తరాల పెట్టెకి ఆయనే కాపలా. ఆల్డర్బీ ఆ రాణి దగ్గర ప్రధానమంత్రిగా రాజ్యం నడుపుతూనే, కాస్త తీరిక దొరికితే చాలు, పండితులతో వాదన వేసుకునేవాడు. సోమవారం లార్డుగారి ఉత్తరం చదివినవాళ్లు వెంటనే జవాబు అడిగితే, క్లెగ్ గారు క్యాలెండర్ చూసి, గురువారం రమ్మనేవారు. అవతలి పండితుడికి ఇంకా ఉత్తరం అందనే లేదనేవారు. ఒకసారి లార్డుగారు కీళ్లవాతంతో నెలల తరబడి కలం పట్టలేదట. ఆ జవాబు కోసం వచ్చిన జర్మన్ ప్రొఫెసరు ఊరికెళ్లి, పెళ్లి చేసుకుని, భార్యతో సహా తిరిగొచ్చాడని చెప్పుకుంటారు. టెలిగ్రాం అయితే మాత్రం క్లెగ్ గారు పరుగున తెచ్చి ఇచ్చేవారు.

వేల్స్ నుంచి వచ్చిన మెరియల్ ప్రోబర్ట్‌కి ఈ గొడవేమీ తెలియదు. శనివారంలోగా అధ్యాయం ఇవ్వకపోతే ఆమె పరిశోధన అక్కడితో సరి. మొదటి ఉత్తరం విప్పగానే అందులో మునిగిపోయింది. అవతల మంత్రివర్గం కూలిపోతుంటే, ఈ మనిషి కూర్చుని, ప్రాచీన సేనాని హన్నిబాల్ ఏనుగులు ఆల్ప్స్ పర్వతాల్ని ఏ కనుమలోంచి దాటాయో ఒక పల్లెటూరి పాదరీకి పేజీలకి పేజీలు రాశాడు. పాదరీ ఏమైనా తక్కువ తిన్నాడా? మర్నాడు క్లెగ్ గారు ఇచ్చిన జవాబులో, మీకు రాజ్యం తెలుసేమో గానీ ఏనుగుల సంగతి తెలియదని మొహం మీదే రాసి పడేశాడు. దానికి అంత పెద్దమనిషి ఏమని ఉంటాడు?

"మూడు వారాలు పడుతుంది," అన్నారు క్లెగ్ గారు. "లార్డుగారు స్కాట్లాండ్ వెళ్లారు."

"ఆయన పోయి వందేళ్లు దాటిందండీ."

"అందుకే తొందర పెట్టలేం."

ఎదురుబల్ల దగ్గర సావరీ గారని రిటైరైన లాటిన్ మాస్టారు. తానూ ఆ జవాబు కోసమే కాచుక్కూర్చున్నానని గుసగుసగా చెప్పి నవ్వారు.

మెరియల్‌కి ఏడుపొచ్చినంత పనైంది. క్లెగ్ గారి గదిలోకి వెళ్లి, శనివారం దాటితే తన చదువు గంగలో కలిసినట్టేనని చెప్పేసింది. ఆయన లేచి, తలుపు వేసి, పెట్టె మొత్తం తెచ్చి ఆమె ముందు పెట్టారు.

"ముందే చెప్పొద్దూ అమ్మాయ్? ఇక్కడే కూర్చుని చదువుకో. బయట మాత్రం అనకు."

"మరి మీ నియమం?"

"అది సావరీ గారి కోసం. భార్య పోయాక ఆయన గడప దాటేది ఈ ఉత్తరాల కోసమే. ఆయన చదివే వేగానికి పెట్టె వారంలో అయిపోతుంది. తర్వాత ఎక్కడికెళ్తాడు?"

"ఆయనొక్కరికే పెట్టొచ్చుగా?"

"జాలిపడుతున్నామని ఇట్టే పట్టేస్తాడు. జన్మంతా పిల్లల తప్పులు పట్టిన మనిషి."

మెరియల్ నెమ్మదిగా జవాబు విప్పింది. నిండు సభలో ఎవరికీ తలవంచని లార్డుగారు, తప్పు తనదేనని, ఇకమీదట ఏనుగుల విషయంలో పాదరీగారి మాటే తన మాటని రాశాడు. ఎంత పెద్ద మనసు, అనుకుంది.

ఆమె బయటికి రాగానే సావరీ గారు పందెం వేశారు. లార్డుగారు తప్పు ఒప్పేసుకుంటారట. ఓడినవాళ్లు టీ, బన్ను ఇప్పించాలి.

"ఛస్తే ఒప్పుకోడు," అంది మెరియల్.

అధ్యాయం వేళకి ఇచ్చేసింది. మూడు వారాల తర్వాత, కేవలం ఓడిపోవడానికని రైలెక్కి వచ్చింది. క్లెగ్ గారు ఆ ఉత్తరాన్ని అప్పుడే టపాలో అందినట్టు తెచ్చి ఇచ్చారు. టీ దగ్గర సావరీ గారు తన బన్ను తిని, ఆమె బన్ను కూడా తిని, తీరిగ్గా ఓదార్చారు.

"బాధపడకమ్మా. మనుషుల్ని అంచనా వేయడం వయసొస్తే గానీ రాదు."