పెద్ద ఈరన్న కుక్కల సత్రం

పెద్ద ఈరన్న జన్మలో ఆడింది ఒకే ఒక్క అబద్ధం. కాకపోతే దాన్ని అందరితోనూ ఆడాడు. ఎవరు ఏ ఊరికి పోయి తిరిగొచ్చినా ఎదురెళ్ళి, "నువ్వు లేక ఈడ ఒకరు కూడు మానుకున్నారప్పా" అనేవాడు. ఆ ఒకరికి చాలాసార్లు నాలుగు కాళ్ళుండేవి.

ఎదురింటి సుబ్బయ్య తిరపతి నుంచి గుండుతో దిగిన రోజున ఈరన్న వీధి మొదట్లోనే పట్టుకున్నాడు. "నువ్వు పోయిన కాడ్నించి మీ బర్రె చుక్క పాలిచ్చింటే ఒట్టు. గడ్డి ముందర పెడితే మొగం తిప్పుకుంటాండాది" అన్నాడు. సుబ్బయ్యకు కళ్ళు చెమర్చాయి. ఇంట్లోకి పోయి చూస్తే ఉట్టి మీద కుండల నిండా పెరుగు, పక్కన ముంతలో వెన్న. ఈ పాలు ఏ బర్రెవని భార్యను నిలదీశాడు. ఆమె చీపురు చేతపట్టుకుని నేరుగా ఈరన్న ఇంటి మీదికి వచ్చింది. ఈరన్న భార్య గిడ్డమ్మ ఆమెకు మజ్జిగిచ్చి, సర్దిచెప్పి పంపింది. ఆయన ఆ మాట అనడం, ఈమె సర్దిచెప్పడం ఆ ఇంట్లో పెళ్ళైన నాటి నుంచీ నడుస్తున్న పద్ధతి.

"ఎందుకయ్యా నీకీ మాటలు?" అని అడిగితే, "పొయ్యొచ్చినోళ్ళకు ఏదో ఒకటి చెప్పల్ల గదే. ఊరికే నిలబడి సూస్తాండల్నా?" అనేవాడు.

ఇంతలో కర్నూలు రాజధాని అయింది. మద్రాసు నుంచి ఆఫీసులు లారీల్లో వచ్చి గుడారాల్లో దిగాయి. ఆఫీసర్లు వచ్చారు. వాళ్ళ వెనకే వాళ్ళ కుక్కలూ వచ్చాయి. అయ్యగారు క్యాంపుకూ అమ్మగారు పుట్టింటికీ పోతే కుక్కను ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియదు. ఆ కష్టం మొదట వచ్చి గిడ్డమ్మ తమ్ముడు గోపన్న మీద పడింది. అతను ఒక పెద్ద ఆఫీసరు దగ్గర బంట్రోతు.

"బావా, మీ ఎద్దుల కొట్టం ఊరికే ఉండాది గదా" అన్నాడు.

ఊరికే ఉన్నమాట నిజం. వానల్లేక చేను బీడు పడితే ఎద్దుల్ని అమ్ముకున్నారు. ఇక మిగిలింది కాలవ పనికి పోయి మట్టితట్టలు మోయడమే. ఈరన్న మోకాళ్ళు కూర్చుంటే లేవనిచ్చేవి కావు, లేస్తే కూర్చోనిచ్చేవి కావు.

"కుక్కలకు సత్రమా! నవ్వుతార్రా ఊళ్ళో" అంది గిడ్డమ్మ.

"నవ్వేటోళ్ళు నవ్వనీలే. మనకు మొరిగేటోళ్ళు వస్తే సాలు" అన్నాడు ఈరన్న.

కొట్టానికి సున్నం కొట్టారు. మెడలు ఒరుసుకోకుండా పలుపులకు గిడ్డమ్మ పాత చీరలు చుట్టారు. కుక్కలొచ్చాయి. మద్రాసులో పాలూ బ్రెడ్డూ మరిగిన కుక్కలు ఒకటి రెండు పూటలు అలిగేవి. ఆ తర్వాత గిడ్డమ్మ జొన్న సంగటి కెలికే చప్పుడు వినబడితే చాలు, తోకలాడించేవి. ఇంటికి పోయేనాటికి గుమ్మడికాయల్లా తయారయ్యేవి.

చిక్కంతా ఆ పోయేటప్పుడే వచ్చేది. ఒక ఇంజనీరు గారి నల్లకుక్కను జీపులోకి ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చింది. వాళ్ళు ఆయాసపడుతుంటే ఈరన్న పక్కన నిలబడి, "పాపం, మీరు పోయిన కాడ్నించి మెతుకు ముట్టలేదు సార్" అన్నాడు.

"ముట్టలేదా? నా కుక్కను పస్తు పెట్టావా?"

"నేను పెట్టినా సార్. అదే తినలే. మీ మీద బెంగ."

"మరి ఇంత లావెలా అయింది?"

"అదీ బెంగే సార్. కొందరికి బెంగ పడితే ఒళ్ళొస్తాది."

ఆ సాయంత్రమే క్లబ్బులో ఆ ఇంజనీరు, సత్రంలో కుక్కల్ని మాడుస్తున్నారని చెప్పేశాడు. చూస్తుండగానే కొట్టం ఖాళీ అయింది. చివరికి మిగిలినవి రెండు. ఒకటి గోపన్న ఆఫీసరు గారి పొడుగు చెవుల కుక్క బంటీ. రెండోది ఆస్పత్రి నర్సు కృపమణి పెంచుకునే ఊరకుక్క రాజు.

గోపన్న మొహం వేలాడేసుకుని వచ్చాడు. "అక్కా, మా దొర రేపు క్యాంపు నుంచి వస్తాండాడు. తానే వచ్చి సత్రం సూస్తాడంట. బాగుండాదని ఆయన క్లబ్బులో ఒక్క మాటంటే కుక్కలన్నీ మళ్ళా వస్తాయి. బావ గాని నోరు తెరిచినాడా, తట్ట ఎత్తుకోవాల్సిందే."

గిడ్డమ్మ మొగుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు. తింటే తినిందను. పండుకుంటే పండుకునిందను. బెంగ అనే మాట నీ నోట రాగూడదు."

"రవ్వంత బెంగ?"

"రవ్వ గూడా వద్దు."

"మొదటి దినం మటుకు..."

"నన్ను సంపుకున్నంత ఒట్టు."

ఈరన్న చెయ్యి పెట్టాడు. పెట్టినందుకు ఆ పూట తానే సంగటి సరిగా తినలేకపోయాడు.

మరునాడు ఆఫీసరు జీపు దిగాడు. వెనకాలే గోపన్న. బంటీ యజమానిని చూసి మర్యాదగా తోక ఊపి, మళ్ళీ పోయి గిడ్డమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. ఈరన్న చేతులు కట్టుకుని బడిపిల్లాడిలా అప్పజెప్పాడు. "బాగా తినింది సార్. బాగా పండుకునింది. బాగా ఆడుకునింది."

"ఇబ్బందేం పెట్టలేదు కదా?"

"లేదు సార్. మీరు పోయిన కాడ్నించి..."

గిడ్డమ్మ దగ్గింది.

"...బాగుండాది సార్."

"మంచిది" అన్నాడు ఆఫీసరు. కాసేపాగి మళ్ళీ, "మంచిది" అన్నాడు. ఆ రెండు మాటల మధ్య ఆయన మొహం చిన్నబోయినట్టు గిడ్డమ్మకు తోచింది. ఎందుకో అర్థం కాలేదు.

సరిగ్గా అప్పుడే కడప బస్సు దిగి, చేతిసంచితో కృపమణి వచ్చింది. అక్క కూతురి పెళ్ళికి పోయి వస్తోంది.

"బాగా జరిగిందా కృపమ్మా?" అంది గిడ్డమ్మ.

"జరిగింది వదినా. వండినా, వడ్డించినా, గిన్నెలు తోమినా. ఎప్పుడు పోతాండావని అందరూ అడిగినారు. నాలుగు దినాలు ఉండమని ఒక్కరన్నా అనలేదు" అని నవ్వింది. తర్వాత వంగి, "రాజూ, నేను రా" అంది.

కడుపునిండా సంగటి తిని పడుకున్న రాజు ఒక కన్ను తెరిచాడు. వచ్చింది ఆమేనని చూసుకున్నాడు. తెరిచిన కన్ను మూసుకున్నాడు.

కృపమణి చాచిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. "మర్సిపోయినాడు వదినా. మీరు బాగా సూసుకున్నారు. ఇంక నాతో ఏం పని వాడికి" అంది. ఈసారి నవ్వలేదు.

మాట బయటపడకుండా ఈరన్న నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. ఆఫీసరు వెనక నుంచి గోపన్న వద్దు వద్దని తల తిప్పుతున్నాడు. గిడ్డమ్మ కళ్ళకు కాలవ గట్టూ, మట్టితట్టా, దాని కింద మొగుడి మోకాళ్ళూ కనబడ్డాయి. ఆ వెనకనే, సంచి ఎత్తుకోబోతున్న కృపమణి కనబడింది.

"మర్సిపోవడమా!" అంది గిడ్డమ్మ. "అలిగినాడమ్మా వాడు! నువ్వు పోయిన కాడ్నించి నీళ్ళు గూడా ముట్టలే. కడప బస్సు హారను ఇనబడితే సాలు, వాకిట్లోకి ఉరుకుతాడు. నువ్వు రాలేదని తెలిసి, గోడకు తల ఆనిచ్చి ఏడుస్తాడు."

బస్సులు ఆగే చోటు అక్కడికి మైలు దూరం. ఈరన్న నోట్లోంచి తువ్వాలు జారిపోయింది. "గోడకా?" అన్నాడు.

"గోడకే" అంది గిడ్డమ్మ. "నువ్వే గదా ముద్ద చేతిలో పట్టుకుని బతిమాలింది!"

"ఔనౌను. బతిమాలినానమ్మా" అన్నాడు ఈరన్న, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు.

కృపమణి నేల మీద చతికిలబడి రాజును ఒళ్ళోకి లాక్కుంది. "పిచ్చోడా, కూడు మానుకుంటే ఎట్లరా? నేను రాకుండా యాడికి పోతా?" అని తిట్టింది, తిట్టింది. నిద్ర చెడిన రాజు, ఇంక వదిలేస్తుందేమోనని ఆమె గడ్డం నాకాడు.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. గోపన్న కళ్ళు మూసుకున్నాడు.

"ఆ కుక్క నీళ్ళు కూడా ముట్టలేదా?"

"ముట్టలేదు సార్" అంది గిడ్డమ్మ తెగించి.

ఆఫీసరు రాజును చూశాడు. బంటీని చూశాడు. ఈరన్న దగ్గరికి జరిగి, బంట్రోతుకు వినబడనంత మెల్లగా అడిగాడు. "మరి మావాడు... అన్ని పూటలూ తిన్నాడా? ఒక్క పూటైనా..."

ఈరన్న గిడ్డమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు సర్దుకుని, "ఆయన అంతగా అడుగుతాండారు గదా, చెప్పు. ఇంకా దాస్తావేంది?" అంది.

ఈరన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. గోడవారగా ఉన్న మంచం తెచ్చి ఆఫీసరు ముందు వాల్చాడు.

"ఇది నిలబడి ఇనే సంగతి కాదు సార్. కూసోండి."