మా ఆయన పేరు

మా మేడ మీద కాపురముంటున్న కోడలు పొద్దున్నే బాల్కనీలో నిలబడి, వీధి చివర కూరగాయల బండి దగ్గరున్న మా అబ్బాయిని పేరు పెట్టి గట్టిగా పిలిచి కొత్తిమీర మరిచిపోవద్దని చెబుతుంది, వాడు అక్కడి నుండే చేయెత్తి తెస్తున్నానంటాడు. వాళ్ల పెళ్లయిన కొత్తలో ఆ పిలుపు వినబడితే నేను సిగ్గుపడి వంటింట్లోకి పోయేదాన్ని. ఇప్పుడు దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటున్నాను, నిజం చెప్పాలంటే కొంచెం అసూయగా కూడా ఉంటుంది.

నా ఈడు ఆడవాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు, మనలో మొగుని పేరు నోటితో పలికినవాళ్లం ఎందరం? అంగన్‌వాడీలో పిల్లలందరినీ పేరుపేరునా పిలిచే నేను, రాష్ట్రం వచ్చిన కొత్తలో ఇంటి వివరాలు రాసుకోవడానికి వచ్చిన సారు యజమాని పేరడిగితే, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పక్కింటావిడ వైపు చూశాను, పాపం ఆమే చెప్పింది. ఆయనను పిలవాలంటే వెనుక నుండి "జర ఇటు సూడు" అనడమో, గాజులు చప్పుడు చేయడమో, చెంబు కాస్త గట్టిగా కింద పెట్టడమో చేసేదాన్ని. ఎదురుగా నిలబడి మొహంలో మొహం పెట్టి మాట్లాడడం మా అత్త ఉన్నన్నాళ్లూ లేదు, ఆమె పోయాక అలవాటు కాలేదు.

అప్పటికి మేము మక్తల్ దిక్కు నుండి చౌటుప్పల్ వచ్చి చాలా కాలమైంది. ఆయన ఒక ఫ్యాక్టరీలో కంప్రెసర్ల దగ్గర పనిచేసేవారు. అక్కడి చప్పుడు గేటు బయట నిలబడ్డా గుండెల్లో దడదడలాడేది, అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా ఎప్పుడు బయటపడదామా అనిపించేది. ఆ రోజుల్లోనే ఆయన నా మాటలకు బదులివ్వడం తగ్గించారు. కూరేం చేయమంటారంటే పలకరు, నీళ్లు తోడానంటే లేవరు. ఊళ్లో చెల్క భూమి అమ్మి ఇక్కడ ఈ జాగా కొందామని పట్టుబట్టింది నేనే కనుక, ఆ కోపమే మనసులో పెట్టుకున్నారనుకున్నాను.

మా అవ్వకు ఒక పద్ధతి ఉండేది. పిల్ల ఏడిస్తే దిష్టి తీయకముందు అంగీ విప్పి చీమ ఉందేమో చూసేది, బర్రె పాలివ్వకపోతే మంత్రగాని దగ్గరికి పోకముందు కుడితి వాసన చూసేది. దగ్గరున్నది ముందు చూడు బిడ్డా, దూరమున్నది యాడికి పోదు అనేది. నేనూ ఆమె మనవరాలినే కనుక, మధ్యవర్తులెందుకు, మనిషినే అడుగుదామని ఒక ఆదివారం ధైర్యం చేసి అడిగాను. ఆయన వాకిట్లో చెప్పులు కుట్టుకుంటున్నారు, నేను వెనుక గడపలో నిలబడి, తల వంచుకొని, నా మీద కోపమా అన్నాను. ఆయన దారం కొరికి ముడి వేసుకున్నారే తప్ప తల తిప్పలేదు. అంతకన్నా ఏం జవాబు కావాలనుకొని లోపలికి వెళ్లి కరువుతీరా ఏడ్చాను.

ఆ తరువాత మా అన్నను పిలిపించాను. అన్న ఆయనకు ఎదురుగా కుర్చీ వేసుకొని కూర్చుంటే ఇద్దరూ వానల గురించీ పత్తి గురించీ నవ్వుతూ మాట్లాడుకున్నారు. "బావ మంచిగనే ఉన్నడు, నువ్వే ఊకె ఫికర్ చేస్తున్నవ్" అని అన్న నన్నే మందలించి పోయాడు. అందరితో మాట్లాడే మనిషి నాతోనే మాట్లాడడం లేదంటే ఇక చెప్పేదేముంది? చర్చిలో ఉపవాస ప్రార్థనలు పెట్టించాను, ఆయనకిష్టమని గోంగూర, తలకాయ కూర వండి పెట్టాను. తిని వెళ్లేవారు.

చివరికి ఒకరోజు ఆయన వెనుక నా చేతిలోంచి ఇత్తడి బిందె జారి బండల మీద పడింది. ఎంత కోపమున్న మనిషైనా ఉలిక్కిపడతాడు కదా, ఆయన కదలలేదు. అప్పటిగ్గానీ నాకు అర్థం కాలేదు.

వెల్లుల్లి కాచిన నూనె చెవుల్లో పోశాను, దవాఖానలో చెవులు కడిగించాను. డాక్టరమ్మ మా కోడలి వయసుది, చప్పుడుకు లోపలి నరం పాడైందని, ఉన్నది కాపాడుకోవడమే తప్ప పోయింది తిరిగి రాదని చెప్పింది. వినికిడి మిషన్ పెడితే ఆయనకు చెవిలో కంప్రెసర్ తిరిగినట్టే ఉందట, తీసి డబ్బాలో పడేశారు. "అమ్మా, ఎదురుంగ నిలబడి మాట్లాడు, దూరముంటే పేరు పెట్టి పిలువు, ఎవరి పేరు వాళ్లకు జల్ది అందుతది, గంతే" అన్నది ఆ పిల్ల. ఖర్చు లేని వైద్యం. ఎదురుగా నిలబడడం ఎలాగో నేర్చుకున్నాను. పేరు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ "జర ఇటు సూడు" అనే వచ్చేది. ఆయనకు చెబితే, "నలుగురు ఇంటే నవ్వుతరు" అని ఆయనా తల వంచుకున్నారు.

ఒకసారి సంతకు వెళ్లి వస్తూ హైవే దాటుతున్నాం, ఎప్పటిలాగే ఆయన ముందు, నేను నాలుగడుగులు వెనుక. పక్క నుండి బస్సు హారన్ కొడుతూ వస్తున్నది. నేను జర ఇటు సూడు, జర ఇటు సూడు అని అరుస్తూనే ఉన్నాను, నోరు తెరుచుకుంది గానీ పేరు రాలేదు. జామకాయలమ్మే ఒక భాయ్ చేయి పట్టి గుంజకపోతే ఏమయ్యేదో. ఆయన చేతిలోని సంచీ మాత్రం బస్సు కింద నలిగింది.

ఆ రోజు నుండి ఇంట్లో ఎవరూ లేనప్పుడు గోడ వైపు తిరిగి ఆయన పేరు అనుకునేదాన్ని, మొదట పెదవులతో, తరువాత గుసగుసగా, తరువాత కారం దంచుతూ రోకటి పోటుకొకసారి. నోరు తిరగడానికి చాలా కాలం పట్టింది. అది తిరిగేనాటికి ఆయన చెవులు పూర్తిగా మూసుకుపోయాయి.

ఇప్పుడు ఆడపిల్లలు పెళ్లి కాకముందే పేరు పెట్టి పిలుచుకుంటున్నారు, అందులో అమర్యాద ఏమీ లేదని నేను మా చెల్లెళ్లతో వాదిస్తున్నాను కూడా. నిన్న సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. నేను వెనుక గడపలో నిలబడి, కోడలు పిలిచినట్టే, గొంతెత్తి పేరు పెట్టి పిలిచాను. కోడలు పై నుండి తొంగి చూసింది, వీధిలో పోతున్న పాలతను కూడా తల తిప్పాడు. ఆయన ఇంకో కాయ చేతిలోకి తీసుకున్నారు.