పోయొస్త అన్న దెయ్యం

ఆ రోజుల్లో మాకు భయం కూడా కిరాయి ఇంట్లోనే దొరికేది. ఎల్‌బీ నగర్ దగ్గర మెట్రో పిల్లర్లు లేస్తున్న కాలం. నేను ఒక దినపత్రికలో కొత్త సబ్‌ఎడిటర్ని. నా రూమ్మేటు అరువు కెమెరాతో సొంతంగా దెయ్యం సినిమాలు తీసేవాడు. వాణ్ని దెయ్యాల రాజు అనేవాళ్లం. మొదటి రెండు సినిమాలకూ జనం పడీపడీ నవ్వారు. (అవి హాస్యచిత్రాలు కావు.) మూడోదానికీ నవ్వితే సూర్యాపేట వెళ్లి బావ టైర్ల షాపులో కూర్చోవాలని ఇంట్లో షరతు.

ఆ మూడోదాని క్లైమాక్సు తీసే రోజు మాంత్రికుడి వేషగాడు ఎగ్గొట్టాడు. నాకు బొట్టు పెట్టి, పూసలు వేసి పీట మీద కూర్చోబెట్టాడు రాజు. దెయ్యం మా ఓనరమ్మ. నల్గొండ మనిషి, వేషం తనే అడిగి తీసుకుంది. మిట్టమధ్యాహ్నం కిటికీలకు, గుమ్మానికి నల్ల దుప్పట్లు కట్టి చీకటి చేశాం. నేను రాసిన క్లైమాక్సు ప్రకారం, మంత్రానికి లొంగిన దెయ్యం "పోతున్నా" అని శాశ్వతంగా వెళ్లిపోవాలి.

"గా మాట నేననను," అందామె జుట్టు విరబోసుకుంటూ. "కొడుకు లారీ మీద బెజవాడ రోడ్డున ఉన్నడు. ఇంట్ల నిలబడి పోతున్న అంటరా ఎవరన్న?"

"అనేది దెయ్యం కదాంటీ, మీరు కాదు," అన్నాను.

"నోరు నాదే గద బిడ్డా."

"ఏదో ఒకటి అనుండ్రి, డబ్బింగ్‌ల మారుస్త," అని రాజు లైటు తగ్గించాడు.

గాజుల చప్పుడు ముందు గుమ్మం దగ్గర వినిపించింది. తర్వాత నా వెనక. పొద్దున నాచేత నల్లా నీళ్లు పట్టించిన మనిషే కదా అని ధైర్యం చెప్పుకున్నాను. వీపు ఒప్పుకోలేదు. మంత్రం మధ్యలో మళ్లీ మొదటికొచ్చాను. మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలింది. చెవిలో, ఎంతో ప్రేమగా, "పోయొస్త బిడ్డా."

పోతుందట. మళ్లీ వస్తుందట.

పీట తన్నుకుని, దుప్పటి చింపుకుని, పూసలతో సహా వీధిలో పడ్డాను. (నన్ను చూసి కూరగాయలాయన బండి వదిలేసి పరుగెత్తాడు.) "నేనింక కట్ చెప్పలే రా," అని రాజు లోపల్నుంచి అరుస్తూనే ఉన్నాడు.

వాడు డబ్బింగ్‌లో ఆ మాట మార్చలేదు. ఓ ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ హాల్లో సినిమా వేస్తే, "పోయొస్త" దగ్గర కుర్రాళ్లంతా బిగుసుకుపోయారు. నా పరుగుకి కూడా ఒక్కరూ నవ్వలేదు. "టైర్లు తప్పినయ్ రా," అన్నాడు రాజు, నా చెయ్యి నొక్కి. వాడిప్పటికీ సినిమాలు తీస్తున్నాడు. వాడి దెయ్యాలన్నీ మర్యాదగా చెప్పే వెళ్తాయి.

గది ఖాళీ చేసిన రోజు గేటు దగ్గర "వెళ్తున్నానాంటీ" అన్నాను. "వెళ్లొస్తా" అనేదాకా ఆమె గేటు వదల్లేదు. ఇప్పుడు మెట్రోలో ఆ వీధి మొగ మీదుగానే తిరుగుతుంటాను. ఒక్కసారైనా దిగలేదు. వస్తానని చెప్పి రాని దెయ్యం, ఆ ఇంటికి నేనొక్కణ్నే.