మండువాలో పడని వాన

ఇది రాసిపెట్టక తప్పదని మొన్న ఫోన్ వచ్చాక తెలిసింది. తాడేపల్లిగూడెం వైపు పాత ఇల్లు ఉన్నవాళ్లెవరో చేశారు. మా మ్యూజియం ఫొటో ఒకటి వాట్సాప్‌లో వాళ్ల దాకా వెళ్లిందట. మండువాలో అందరం తడిసి ముద్దయి, నోళ్లు తెరిచి పైకి చూస్తున్న ఫొటో. "ఎంత సరదాగా ఉన్నారండీ అందరూ! పైన కనిపిస్తున్న రేకు మా మండువాకీ వేయిద్దామనుకుంటున్నాం. ఎవరు వేశారో కాస్త చెబుతారా?" అని అడిగారు. ఆ ఫొటోలో ఎవరూ నవ్వడం లేదు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా ఏలూరు గ్రంథాలయంలో, ఫ్యాను కింద కుర్చీ దొరికిన మధ్యాహ్నాలలో సాగింది. పాత ఇళ్ల గురించి అక్కడ ఉన్నవన్నీ చదివాను. అందుకే పెదపాడు దారిలోని మండువా లోగిలిని మ్యూజియం చేసినప్పుడు, ఆదివారాలు వచ్చినవాళ్లకి ఇల్లు చూపించే పని అడిగి మరీ తీసుకున్నాను. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది. నడిమధ్య ఆకాశం. అక్కడ పడిన వాన రాతి తూములోంచి వీధి కాలువలోకి పోతుంది. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెద్దదవుతుందని మా అత్తగారు వెక్కిరిస్తుంది.

వేసవిలో ఊరివాళ్లమంతా కలిసి సున్నం నూరి పడమటి గది గోడకి గార పూశాం. బడిపిల్లలూ, ఇళ్లలోని ఆడవాళ్లూ, చేపల చెరువుల మీద పనిచేసేవాళ్లూ అందరూ చెయ్యి వేశారు. ఆ గార ఒక వర్షాకాలం నిలిస్తే మిగతా గదులూ సున్నంతోనే బాగుచేయిస్తామనీ, నిలవకపోతే ఇల్లంతా సిమెంటు పెట్టించేస్తామనీ మ్యూజియం నడిపే ట్రస్టువాళ్లు చెప్పారు. కాబట్టి ఆ గోడ మీదే మా ఆశంతా.

తర్వాతి కార్యక్రమం నేను చెప్పిందే. వసారాల్లో కూర్చుని మండువాలో వాన పడటం చూడటం. మా అత్తగారిది మండవల్లి అవతల కొల్లేటి లంక. ఆవిడకి ఇది ఎంతకీ మింగుడు పడలేదు.

"ఇంట్లో వాన పడితే చూడ్డానికి జనం వస్తారా? మా ఇంట్లో ఏటా పడేది, ఒక్కడూ వచ్చి చూళ్లేదే!"

"అది కప్పు కారడం అత్తయ్యా. ఇది కట్టినవాళ్లు కావాలని పిలిచిన వాన."

"పిలిచారా! అయితే చాప వేసి కాఫీ కూడా ఇవ్వండి" అంది. అని, అందరికంటే ముందు తనే చీర మార్చుకుని తయారైంది.

మేం వెళ్లేసరికి మబ్బు కమ్ముకుని ఉంది. లోపల వెలుతురు ఏదో తేడాగా, పాలు కలిపినట్టుగా ఉంది. తలెత్తి చూశాను. మండువా మీద ఆకాశం లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్లాస్టిక్ రేకు పరిచి ఉంది.

మ్యూజియం మేనేజరు గారు నవ్వుతూ ఎదురొచ్చారు. "రండి, రండమ్మా. ఇవాళ ఎవరూ తడవరండి. పెద్దవాళ్లొస్తారు, చంటిబిడ్డల తల్లులొస్తారు. నిన్న దగ్గరుండి వేయించానండి."

"మరి వాన ఎక్కడ పడాలండీ?"

"పైన పడుతుంది కదండీ. కింద నుంచి శుభ్రంగా కనబడుతుందండి, అద్దంలాగా!"

ఆయన వేళాకోళం ఆడటం లేదు. ఇంటికొచ్చిన మనిషి తడుస్తుంటే చూస్తూ ఊరుకోలేని మనిషి ఆయన. చూరు కింద టేకు పట్టీకి వరసగా బోల్టులు బిగించి ఉన్నాయి. కింద గచ్చు మీద పచ్చని చెక్కపొడి రాలి ఉంది. పాత ఇళ్లు వరదలకి పోవడం, ఎవరూ పట్టించుకోక కూలిపోవడం పుస్తకాల్లో చదివాను. మర్యాదకి పోవడం ఎక్కడా చదవలేదు.

అంతలో వాన దిగింది. రేకు మీద ఆ చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినబడలేదు. మా అత్తగారు మేనేజరు గారి వైపు తిరిగి, అరిచి మరీ అంది: "ఏవయ్యా బాబూ, ఇదా చూపిస్తానన్నది? మా ఇల్లే నయం, వాన లోపలికైనా వచ్చేది!"

అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే పడమటి గదిలో ఏదో దబ్బున పడింది.

పరిగెత్తి చూశాం. నాలుగు కప్పుల నీళ్లూ రేకు మీద చేరి పడమటికి జారి, పడమటి కప్పు ఎదురు వాలు దగ్గర ఆగిపోయి, పెంకుల సందుల్లోంచి గోడ మీదకి దిగుతున్నాయి. గార పెద్ద పలకలా ఊడి నేల మీద ముక్కలై ఉంది. పక్క భాగం మా కళ్లముందే ఉబ్బుతోంది. దాన్ని పూసిన ఆడవాళ్లు ఒట్టి చేతులు గోడకి అడ్డం పెట్టి నిలబడ్డారు.

"విప్పండి! పైకెక్కి విప్పండి!" అని అరిచింది నేనేనని తర్వాత ఎవరో చెబితే గానీ నాకు తెలియలేదు.

మేనేజరు గారు చెప్పులు వదిలేశారు. ఇస్త్రీ చొక్కాతోనే నిచ్చెన ఎక్కారు. మైకు పెట్టడానికొచ్చిన ఎలక్ట్రీషియను ఇంకోవైపు ఎక్కాడు. మేం కింద నిచ్చెనలు పట్టుకున్నాం. రేకు ఒక పక్కకి ఒరిగేసరికి నిలిచిన నీళ్లన్నీ ఒక్కసారిగా మా నెత్తిన పడ్డాయి. ఎవరో ఫొటో తీసింది అప్పుడే.

రేకు తొలగిపోయింది. వాన మండువాలో పడుతోంది. తూము గుటకలేస్తూ నీళ్లు తాగేస్తోంది. మా అత్తగారు కొంగు పిండుకోవడం కూడా మరిచిపోయి దానివైపే చూస్తోంది. "పోతున్నాయే అమ్మాయ్. నిజంగానే పోతున్నాయే. మా ఇంట్లో అయితే ఈపాటికి మంచం ఎక్కేవాళ్లం."

సగం గోడ పోయింది. టేకు పట్టీకి పడ్డ చిల్లులు ఎప్పటికీ పూడవు. సాయంత్రం ట్రస్టు నుంచి ఫోన్ వచ్చింది. సున్నం నిలవలేదని అప్పుడే అటు కబురు వెళ్లినట్టుంది. మేనేజరు గారు తడిబట్టలతోనే, మా అందరి ఎదుట మాట్లాడారు. "సున్నం తప్పు కాదండి. గోడ బాగానే ఉందండి. నీళ్లు దాని మీదకి పంపించింది నేనండి." చివరికి ట్రస్టువాళ్లు, మళ్లీ పూసుకోండి, ఇంకో వర్షాకాలం చూద్దాం అన్నారు.

పేర్లు రాయొద్దని అందరూ అన్నారు కాబట్టి చేసిన పనిని బట్టే చెప్పుకుంటాను. గోడకి చేతులు అడ్డం పెట్టినవాళ్లకీ, నిచ్చెన ఎక్కిన ఎలక్ట్రీషియనుకీ, ఊడిన గార ముక్కల్ని బుట్టలకెత్తి దాచిన చెరువుల వాళ్లకీ, నాకు పుస్తకాలు వెతికిపెట్టిన గ్రంథాలయం వారికీ, తడిసిన చీర గురించి నన్ను ఒక్క మాటా అనని మా అత్తగారికీ నమస్కారాలు. ట్రస్టువాళ్లకి ఫోన్‌లో నిజం చెప్పిన మేనేజరు గారికి రెండు చేతులా దండం.