తిరగెయ్యమంటే తిరగేశారు

ఆ రోజుల్లో నాకు తెలుగు వచ్చునని గట్టి నమ్మకం ఉండేది. లెక్కల మీద మాత్రం అనుమానం ఉండేది కాబట్టి వాటిని పదిసార్లు సరిచూసుకునేదాన్ని. మాటల్ని ఒక్కసారి కూడా చూసుకునేదాన్ని కాదు. విజయనగరంలో ఒక జూనియర్ కాలేజీలో ఉద్యోగం కోసం డెమో క్లాసు చెప్పిన రోజున ఆ నమ్మకం కాస్తా పోయింది. ఆ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని నన్ను పరీక్షించిన ప్రిన్సిపాల్ గారు గత నెల కాలం చేశారు. (పిల్లలు ఆయన్ని మౌనం సార్ అనేవారు. రోజుకి నాలుగు మాటలు దాటితే ఆయనకి ఒంట్లో బాగులేదని అనుకునేవాళ్ళం.) సంతాప సభలో నన్ను మాట్లాడమంటే ఆయన సమయపాలన గురించి ఏదో చెప్పి దిగిపోయాను. నిజానికి చెప్పాలనుకున్నది ఇది.

అప్పటికి రెండు కాలేజీల్లో డెమోలు చెప్పి రెండుచోట్లా కాదనిపించుకున్నాను. ఇదీ పోతే గరివిడిలో మావ నడిపే ఫ్యాన్సీ షాపులో కూర్చోవాలని ఇంట్లో తేల్చేశారు. ఆ ఉదయం మావ ఫోన్ చేసి, "ఏటే, భయంగా ఉన్నాదేటి? దిగులు పడకు. రాకపోతే నా కొట్లో గాజులు అమ్ముదువు గాని" అని ధైర్యం చెప్పాడు. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, "ప్రభువా, ఈ గ్రాఫులేటో నాకు తెల్దు, నీకు తెలుసు" అని ప్రార్థించింది. ఆ క్షణంలో నాకూ అంతే తెలుసనిపించింది.

నాకిచ్చిన పాఠం గ్రాఫుల్లో మార్పులు. బోర్డు మీద కొన మూలబిందువు దగ్గర ఉండేలా ఆంగ్ల 'వి' ఆకారపు గ్రాఫు గీశాను. దాన్ని నిలువుగా రెండింతలు సాగదీశాను. తర్వాత మూడు గళ్ళు పైకి జరిపాను. అంతవరకు బాగానే సాగింది. ఇప్పుడు ఈ మార్పుల్ని వెనక్కి తీసి మొదటి గ్రాఫు రాబట్టాలి. "విలోమ క్రమంలో చేయండి" అన్నాను. నలభై మందీ ఒకేలా చూశారు. పుస్తకం మాట వాళ్ళకి అందలేదని అర్థమై, మనవాళ్ళ మాటలో చెబుదామని, "అంటే ఏం లేదు, తిరగెయ్యండి" అన్నాను.

తిరగేశారు. పెనం మీద అట్టు తిరగేసినట్టు, నలభై మందీ గ్రాఫుని తలకిందులుగా గీశారు. మొదటి బెంచీలో ఒకమ్మాయి గీసే శ్రమ కూడా పెట్టుకోకుండా నోటుపుస్తకాన్నే తిప్పి పెట్టింది. ఆ వరసల మధ్య నడుస్తూంటే ఎటు చూసినా ఇంటి పైకప్పులు. వెనక మౌనం సార్ తల వంచుకుని కాగితం మీద ఏదో రాసుకుంటున్నారు. ఫ్యాన్సీ షాపులో ఎర్ర గాజులు ఏ వైపున ఉంటాయో గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాను.

"అలా కాదు. ముందు ఏం చేశామో, తర్వాత ఏం చేశామో..." అని నసుగుతూంటే, పాతపట్నం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి లేచింది. "ఇప్పీడమేటి మేడమ్?"

"ఏమిటి?"

"మా నాన్న గడ్డిమోపుకి ముడి మీద ముడి ఏస్తాడండి. ఇప్పినప్పుడు పైముడే కదా ముందిప్పాల! మీరు ఆకర్న పైకి జరిపేరు కదా, అది ముందు దింపీయాల. సాగదీసింది తర్వాత."

"మరి ఆ మాట ముందే సెప్పొచ్చు కదే!" అంది పక్కపిల్ల.

"మేడమ్ తిరగెయ్యమన్నారు కదే. నానూ తిరగేసేను."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేశాను, ఇంక పోయేదేమీ లేదు కనుక. "అదే, విప్పడం" అన్నాను. మూడు గళ్ళు కిందికి దింపించాను, ఎత్తులన్నీ సగం చేయించాను. నలభై పుస్తకాల్లోనూ కొన మూలబిందువు దగ్గరికి చేరింది. ముందు సగం చేసి తర్వాత దింపితే ఏమవుతుందో కూడా చేయించాను. కొన గడిన్నర కిందికి దిగిపోయి వేలాడింది. "ముడి బిగిసిపోనాది మేడమ్" అన్నారెవరో. గంట కొట్టారు.

మౌనం సార్ నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. "తిరగెయ్యమన్నావేటమ్మా?" అన్నారు. నేను క్షమాపణ వెతుక్కుంటూంటే ఆయన చేతిలోని కాగితం నా వైపు జరిపారు. నా గురించి రాసిన రిమార్కులు అనుకున్నాను. చక్కగా స్కేలుతో గీసిన గ్రాఫు అది. తలకిందులుగా ఉంది.

"నాది చరిత్ర సబ్జెక్టు" అన్నారు. "నేనూ తిరగేసీసేను. ఆ పిల్ల సెప్పేక అర్థమైంది. సోమవారం వచ్చి చేరు."

ఒక్కసారిగా అన్ని మాటలు ఆయన నోట నేను మళ్ళీ వినలేదు. మెట్లు దిగుతూనే మావకి ఫోన్ చేసి గాజులు తననే అమ్ముకోమన్నాను.

ఇంటికి రాగానే అమ్మ, "పిల్లలు నీ మాట ఇన్నారేటే?" అని అడిగింది.

"చెప్పింది చెప్పినట్టు చేశారమ్మా" అన్నాను. అమ్మ మురిసిపోయింది. ఇరవై మూడేళ్ళ అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అమ్మతో అన్న ఆ మాటలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.