లాజరు మాష్టారి దవడ పన్ను

ఆ వారమంతా హన్నాకి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆదివారం పెళ్ళి ప్రధానం మరి. వరుడు వరప్రసాదం, లెక్కల మాష్టారు. అమలాపురంలో కామరాజు గారి పళ్ళాస్పత్రిలో నర్సు పని చేస్తూనే కూనిరాగాలు తీసేస్తోంది. ఎనభై నాలుగు నాటి మాట.

బుధవారం పొద్దున్నే ఆస్పత్రి మెట్లెక్కింది ఎవరనుకున్నారు? కాబోయే మామగారు, రాజోలు లాజరు మాష్టారు! వెనకే ఆయన భార్య దానమ్మ. ప్రధానానికి ముందే పుచ్చిన దవడ పన్ను పీకించుకోవాలని ఆయన పంతం.

"టిఫిను చేసేరాండీ?" హన్నా అడిగింది. ఖాళీ కడుపుతో సూది వేయించుకుంటే కొందరు సొమ్మసిల్లుతారు.

"ఆయ్, అయ్యిందమ్మా."

కోనసీమలో ఈ ప్రశ్నకి అందరూ చెప్పే జవాబే అది. లేదంటే ఇంటావిడ మళ్ళీ పొయ్యి వెలిగిస్తుందని మొహమాటం. కాబోయే కోడలి దగ్గర మరీనూ! పంటి నొప్పితో నిన్న మధ్యాహ్నం నుంచి మెతుకు ముట్టని మనిషి ఎంత హుందాగా అబద్ధమాడేశారో!

చిగుళ్ళో సూది దిగింది. మాష్టారి మొహం పాలిపోయింది, చెమటలు పట్టాయి, తల వాలిపోయింది. కొత్త డాక్టరు కామరాజు గారు పట్టకారుతో కొయ్యబారిపోయారు. దానమ్మ ఘొల్లుమని మంచినీళ్ళ చెంబుతో మీదికొచ్చింది.

"లేపి కూచోబెట్టండి! నోట్లో నీళ్ళు పొయ్యండి!"

తెలివి తప్పిన మనిషి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అడ్డుపడితే సంబంధం పోవచ్చు, ఊరుకుంటే మనిషే పోవచ్చు. హన్నా చెంబు లాక్కుంది.

"బయటికెళ్ళండి అత్తయ్యగారూ! వెళ్ళండంటే! డాక్టరుగారూ, కుర్చీ వాల్చి నాడి చూడండి!"

తను మాష్టారి నోట్లో దూది తీసేసి, కాళ్ళు రెండూ ఎత్తి భుజాన వేసుకుంది. అర నిమిషానికి ఆయన కళ్ళు తెరిచి, కోడలి భుజం మీద తన పాదాలు చూసి, సిగ్గుతో మళ్ళీ మూసుకున్నారు. పూర్తిగా తెలివొచ్చాక పంచదార నీళ్ళు తాగించింది. అప్పుడు గానీ నిజం ఒప్పుకోలేదు పెద్దమనిషి.

ఆ రోజు పన్ను పీకలేదు. దానమ్మ హన్నా వైపు చూడకుండానే మాష్టారిని తీసుకుని వెళ్ళిపోయింది. హన్నాకి ఇక కూనిరాగాలు లేవు. రెండ్రోజులు దిండు తడిపింది. కానీ ఆ రోజు నుంచే తిన్నారా అని అడగడం మానేసింది. "ఏం పచ్చడేసుకున్నారండీ?" అనేది. తినని వాళ్ళు నీళ్ళు నమిలేవారు, వాళ్ళకి ముందు ఇడ్లీ, తరవాతే సూది.

శుక్రవారం మాష్టారు మళ్ళీ వచ్చి కుర్చీలో కూచున్నారు. హన్నా తలెత్తకుండానే పచ్చడి సంగతి అడిగింది.

"అల్లం పచ్చడమ్మా. నమ్మకపోతే మీ అత్తగారినడుగు."

హన్నా గుమ్మం వైపు చూసింది. దానమ్మ అక్కడే ఆగి నవ్వుతోంది.

"రెండిడ్లీలు నేనే దగ్గరుండి తినిపించేను. లోపలికి రమ్మంటావా, ఇక్కడే ఉండమంటావా కోడలా?"

హన్నా నవ్వు ఎంతకీ ఆగలేదు. సూది డాక్టరుగారే అందుకోవాల్సొచ్చింది.